పలాస నుంచి భావనపాడు దాకా, ఎర్రకంకర తోవలో కూర్మయ్య సైకిలు

ట్రంకు రోడ్డు మీద మోటారు బస్సులు తిరగడం మొదలైన దగ్గర్నుంచి నాకు ఆ రోడ్డు మీద సైకిలు తొక్కడం కష్టమైపోయింది. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు ఏ వార్త కోసం బయలుదేరినా, ఒక బస్సు దాటిపోతే ఎదుటి ఎద్దుబండి చాలాసేపటి దాకా కనబడదు. చొక్కా ఏ రంగుదో ఉతికితే గాని తెలియదు. కిందటేడు కొబ్బరి వర్తకం గురించి రాయడానికి పలాస వెళ్ళినప్పుడు, ఉద్దానం నుంచి కాయలు తెచ్చిన ఒక బండివాడితో ఈ మాటే అన్నాను. మా వైపు రండి, లోపలి తోవలన్నిటికీ ఎర్రకంకర పడింది, మోటారు మొహం మేమింకా చూడలేదు అన్నాడు. కంకర ఎవరు వేశారని అడిగాను. "ఎవులేత్తారు బాబూ, మేమే" అన్నాడు.

తర్వాత వాకబు చేస్తే ఆ మాట నిజమేనని తేలింది. ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయలు వేసుకుని పలాస స్టేషనుకు వచ్చే బళ్ళు పూర్వం ఖాళీగా తిరిగి వెళ్ళేవి. ఊళ్ళ పెద్దలు కూర్చుని, ఇకమీద ఏ బండీ ఖాళీగా తిరగకూడదని కట్టడి చేసుకున్నారు. కాశీబుగ్గ అవతల కొండల మొదట్లో ఎర్రకంకర తవ్వుకోవాలి, బండికెత్తుకోవాలి, ఎవరి తోట ముందు వాళ్ళు తోవ మీద పోసుకోవాలి. అంతకుముందు ఆ తోవంతా ఇసకే. ఆ బండివాడే నాకు కూర్మయ్య సంగతి కూడా చెప్పాడు. ఒక్క కాలితో సైకిలు తొక్కే మనిషి ఉన్నాడనీ, మాఘమాసంలో భావనపాడు దగ్గరి చెల్లెలి ఊరికి సైకిలు మీదే వెళతానని పంతం పట్టాడనీ అన్నాడు. వార్తా ఉంది, తోవా ఉంది. నేనూ వస్తానని కబురు పెట్టాను. రమ్మని కబురు వచ్చింది.

బరంపురంలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారుజామున పలాసలో దింపుతుంది. సైకిలును సామాన్లు వేసే బ్రేకు పెట్టెలో వేయించాలి. మూడో తరగతి టిక్కెట్టూ, సైకిలు రుసుమూ కలిపి రూపాయి దాటదు. స్టేషను బయట ఒక ముసలమ్మ చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్ముతుంది. ముంతెడు అంబలి, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప, అంతా కలిపి అర్ధణా. తోవలో తినడానికి ఇంకేమైనా కట్టివ్వమని అడిగితే ఆమె నన్ను కిందనుంచి పైకి చూసింది. "ఉద్దానం ఎల్తూ మూట ఎందుకు బాబూ? అక్కడ ఆకలికి సచ్చినోడు నేడు. బొండాలు తాగి పొట్ట పగిలినోడైతే ఉండొచ్చు" అంది. ఆ మాటలో ఎంత నిజం ఉందో మధ్యాహ్నానికి తెలిసింది.

స్టేషను నుంచి ట్రంకు రోడ్డు దాటి తూర్పుకి తిరగాలి. కొంత దూరం వరకూ రెండు పక్కలా కోసేసిన వరిమళ్ళు. మాగాణి పదునులో చల్లిన మినుమూ, పెసరా జానెడెత్తు పచ్చగా ఉన్నాయి. ఆపైన నేల రంగు తెల్లబడుతుంది, తోటలు మొదలవుతాయి. కొబ్బరి, పనస, అక్కడక్కడా జీడిమామిడి. కంకర కూడా అక్కడే మొదలవుతుంది. తెల్లటి నేల మధ్య ఎర్రటి గీతలా ఉంటుంది కాబట్టి తోవ తప్పే భయం లేదు. స్టేషను దగ్గర బయలుదేరిన గంటకల్లా కూర్మయ్య తోట గుమ్మం ముందు సైకిలు దిగాను. దారిలో నాకు ఎదురైనవి ఒక బండీ, గేదెల మందా, కుండతో కల్లుగీత మనిషీ. మోటారు హారను వినబడలేదు.

కూర్మయ్యకు నలభై దాటాయి. కొన్నేళ్ళ కిందట వానలో కొబ్బరిచెట్టు ఎక్కి జారిపడ్డాడు. ఎముక అతుక్కుంది గాని ఎడమ మోకాలు మళ్ళీ వంగలేదు. గట్టి నేల మీద కర్ర పట్టుకుని బాగానే నడుస్తాడు. ఇసకలో మాత్రం నడవలేడు. కర్ర దిగబడిపోతుంది, కొయ్యలా ఉన్న కాలిని పైకి లాగడం సాధ్యం కాదు. ఉద్దానంలో అప్పట్లో ఇసక లేని తోవ లేదు కాబట్టి, చాలాకాలం ఆయన తనంతట తాను తోట దాటి బయటికి రాలేదు. కంకర పడ్డాక, పలాసలో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక రైలు ఉద్యోగి దగ్గర పాత సైకిలు కొన్నాడు. అది చక్రంతో పాటు పెడలు కూడా ఆగకుండా తిరిగే పాత రకం. ఊరి కమ్మరి ఎడమ పెడలును కాడతో సహా తీసేసి, ఆ వైపు చట్రానికి ఒక ఇనపకడ్డీ బిగించాడు. వంగని కాలు ఆ కడ్డీ మీద చాచి ఉంటుంది. కుడికాలు ఒక్కటే తొక్కుతుంది. పెడలు పైకి వచ్చేటప్పుడు దాన్ని చక్రమే తెచ్చిపెడుతుంది. బయలుదేరడానికి ఆనుకోవడానికి ఏదైనా ఎత్తు కావాలి, ఆగడానికి పట్టుకోవడానికి ఏదైనా కావాలి. ఇక రెండింటికీ అడుగున గట్టి నేల కావాలి.

ఆ రోజు ప్రయాణం ఎందుకో ఆయనే చెప్పాడు. చెల్లెలు పైడమ్మను భావనపాడుకి ఇవతల దిబ్బపల్లిలో ఇచ్చారు. ఆమె పెద్దకొడుకు పుట్టువెంట్రుకలు తీసినప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కాబట్టి కూర్మయ్య బండి కట్టించుకుని వెళ్ళాడు. ఊరి మొదట్లో బండి ఇసకలో కూరుకుపోయింది. నలుగురు మనుషులు నులకమంచం తెచ్చి, దాని మీద ఆయన్ని పందిట్లోకి మోసుకెళ్ళారు. చెల్లెలి మొగుడు దాలయ్య ఎప్పుడూ హాస్యాలాడే మనిషి. చుట్టాలందరి ముందూ, మా బావకి మా ఊరి నేల ఆనదు, మంచం మీదే వస్తాడు అన్నాడు. అందరూ నవ్వారు. కూర్మయ్యా నవ్వాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు పైడమ్మ చిన్నకూతురు నూకాలుకి మూడో ఏడు నడుస్తోంది. ఈ ఏడు పుట్టువెంట్రుకలు తియ్యకుండా దాటితే మళ్ళీ అయిదో ఏడు దాకా ఆగాలి. అన్నియ్య రాకపోతే వరసకి అన్న అయ్యే మరొకరి ఒడిలో పిల్లను కూర్చోబెట్టాల్సి వస్తుందని పైడమ్మ కబురు పెట్టింది.

"వత్తానన్నాను. గాని నన్నెవుడూ మొయ్యకూడదన్నాను" అన్నాడు కూర్మయ్య, కేరేజీకి సారె బుట్ట కట్టుకుంటూ. "నా అంతట నాను ఎల్లి పందిరి గుంజ ముట్టుకుంటే ఉంటాను. నేదంటే అక్కణ్ణించే తిరుగుతాను. మీరు ఎనకాల ఉంటారు గదా బాబూ, పడిపోతే లేవదియ్యండి. తప్పు నేదు. మొయ్యకండి."

భార్యాపిల్లలు ముందురోజే బండిలో వెళ్ళిపోయారు. ముహూర్తం పన్నెండు లోపల. గుమ్మం పక్కన రాతిమీద కుడికాలు ఆనించి కూర్మయ్య బయలుదేరాడు. నేను వెనకాల.

ఎవరి తోట ముందు వాళ్ళు కంకర పోసుకుంటారు కాబట్టి ఆ తోవ ఒకే తీరుగా ఉండదు. ప్రతి తోటకూ మారుతుంది. కూర్మయ్య తొక్కుతూనే ఒక్కొక్క ముక్కా ఎవరిదో చెప్పాడు. సన్నటి కంకర వేసి దిమ్మిస కొట్టించినది వాళ్ళ పెదనాన్నది. సగం మట్టి కలిసినది ఊళ్ళో అందరికీ తెలిసిన పిసినారిది. ఒకచోట కొత్త కంకర అరచేతి మందాన పోసి ఉంటే, ఈ ఇంట్లో పెళ్ళీడు కొడుకున్నాడన్నాడు. సంబంధం చూడ్డానికి వచ్చేవాళ్ళ బండి కుదపకూడదట. సన్న కంకర మీద చక్రం జారినట్టు పోతుంది, ముతక కంకర మీద చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇలాంటి తోవ మీదికి వచ్చేవాళ్ళు చక్రాల్లో గాలి కొంచెం తగ్గించుకోవడం మంచిది. ఎంత ఎండెక్కినా తోటల్లో నీడ పోదు. గంటకి ఏడెనిమిది మైళ్ళ చొప్పున సాగాం.

వజ్రపుకొత్తూరు వైపు చీలే తోవ దగ్గర, తలల మీద చేపల గంపలతో వస్తున్న ఆడవాళ్ళు ఎదురయ్యారు. పరుగులాంటి నడక. ఒకామె గంప దించకుండానే, రెండో కాలు ఇంటికాడ మర్సిపోనావా మావా అంది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. "రెండోది కూడా పెడితే మీరు నన్నందుకోనేరే, అందుకే ఇంట్లో పెట్టొచ్చినాను" అన్నాడు కూర్మయ్య, ఆగకుండా. వాళ్ళ నవ్వు చాలాదూరం వినబడింది.

అసలు చిక్కు ఆగడం దగ్గర వచ్చింది. ఉద్దానంలో చుట్టాల గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోతే అది మాట పడే పని. ఆ తోవలో కూర్మయ్యకు చుట్టం కాని గుమ్మం లేదు. అందుకని ఆయన ఎక్కడెక్కడ ఆగాలో ముందే చూసి పెట్టుకున్నాడు. తోవకి దగ్గరగా ఒంగిన కొబ్బరిచెట్టు ఉన్నచోటల్లా, వేగం తగ్గించుకుంటూ వచ్చి కుడిచేత్తో చెట్టును కౌగిలించుకుంటాడు. సైకిలు ఆగిపోతుంది. జీను మీద నుంచి దిగకుండానే మాటలు, కుశలప్రశ్నలు, చెరో బొండాం. మళ్ళీ చెట్టును తోసుకుని బయలుదేరడం. మొదటి రెండు చోట్ల నేను బొండాం మొత్తం తాగాను. నాలుగోచోట సగంలో దింపాను. ఆ ఇంటి పెద్దాయన బొండాంలోకి తొంగిచూసి, "మా సెట్టు నీళ్ళు సేదేటి బాబూ?" అని అడిగాడు. మిగతాదీ తాగాను. మిమ్మల్ని కింద పడేసిందీ కొబ్బరిచెట్టే గదా అని ఆ తర్వాత కూర్మయ్యతో అన్నాను. ఆ సెట్టు సేసిన పని ఈ సెట్లకేటి తెలుసు బాబూ అని కూర్మయ్య పట్టించుకోలేదు.

అక్కణ్ణించి కొంచెం ముందుకి వెళ్ళాక కంకర హఠాత్తుగా ఆగిపోయింది. నాలుగు బళ్ళ పొడవు ఒట్టి ఇసక, అవతల మళ్ళీ కంకర. హద్దు దగ్గర అన్నదమ్ముల తగాదా. ఆ ముక్క నీదంటే నీదని ఇద్దరూ వదిలేశారు. తోవన పోయే బళ్ళవాళ్ళు ఇసక మీద కొబ్బరిమట్టలు పరుచుకుని దాటుతున్నారు. ఆ మట్టలు అప్పటికే నలిగిపోయి ఉన్నాయి. చుట్టూ పడి ఉన్న వాటిని నేను ఏరి తెచ్చి అడ్డంగా వేస్తుంటే, అది బండికి వేసే పద్ధతని కూర్మయ్య చెట్టు దగ్గర నుంచి కేకేసి చెప్పాడు. సైకిలుకి పొడుగ్గా వేయాలట, ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కాలట. వేశాను. ఊగుతూ, మట్టలు పటపటమని విరుగుతుంటే దాటాడు. "అల్లిన తడకలైతే రాజా తోవ" అన్నాడు అవతలికి చేరాక. "గాని తడకలు తోవ మీద ఎవుడు పరుత్తాడు? ఇల్లు కప్పుకుంటాడు."

ఆపైన తోవ దక్షిణానికి తిరిగి సముద్రానికి సమాంతరంగా పోతుంది. ఎడమచేతి పక్క మొగలిపొదలు, వాటి సందుల్లోంచి నీళ్ళు. మాఘమాసం పొద్దుట గాలి ఉత్తరం నుంచి వీస్తుంది కాబట్టి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుంటుంది. ఈ తోవలో పోయేవాళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి పోవాలి గాని, తిరగేసి రాకూడదు. కొబ్బరిచెట్లు ఇక్కడ తోవకి దూరంగా ఉంటాయి. నా ముందు చక్రంలో మొగలిముల్లు దిగింది కూడా సరిగ్గా ఇక్కడే.

నేను దిగిపోయాను. కూర్మయ్యకు దిగే వీలు లేదు. పట్టుకోవడానికి చెట్టు లేదు, మళ్ళీ ఎక్కడానికి రాయి లేదు. తోవ పక్కన నూర్పులైపోయిన కళ్ళం ఒకటి గట్టిగా, నున్నగా కనబడింది. ఆయన దానిలోకి తిప్పుకున్నాడు. నేను ట్యూబు ఊడదీసి, చిల్లు వెతికి, సొల్యూషను రాసి, అతుకు ఆరేదాకా ఊదుతూ కూర్చుంటే ఆయన కళ్ళం చుట్టూ సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. కళ్ళం యజమాని పాకలోంచి బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "నూర్పులైపోనాయి గదా మావా, ఇంకేటి నూరుత్తన్నావు?" అన్నాడు. గడ్డిలో గింజలు మిగిలిపోయాయనీ, కూలి అక్కర్లేదనీ కూర్మయ్య జవాబు చెప్పాడు. కళ్ళం యజమాని బొండాం కొట్టి తెచ్చాడు. ఆగే వీలు లేదని తెలిసి, కళ్ళం అంచున నిలబడి, ఆయన తన పక్కకు వచ్చినప్పుడల్లా అందించాడు. ఒక చుట్టులో ఒక గుక్క. మూడు నాలుగు చుట్లలో బొండాం అయిపోయింది. నా చక్రమూ సిద్ధమైంది.

పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా వ్యవధి ఉండగానే దిబ్బపల్లి సన్నాయి వినబడింది. ఊరు ఇసకదిబ్బ మీద ఉంటుంది. తోట చివరి వరస దాకా కంకర బాగుంది. అక్కణ్ణించి ఎదురుగా పందిరి కనబడుతోంది. గుంజలకి కట్టిన మామిడాకులు కూడా లెక్కపెట్టొచ్చు, అంత దగ్గర. చుట్టాలందరూ లేచి నిలబడ్డారు. కూర్మయ్య చివరి కొబ్బరిచెట్టు దగ్గర వేగం తగ్గించాడు. చెట్టును పట్టుకుని ఆగిపోయాడు.

ఎదురుగా తోవ తెల్లగా ఉంది. చెట్టు దగ్గర నుంచి పందిరి దాకా, వాకిలి అంతా, చీలమండ లోతున కొత్త ఇసక. శుభకార్యానికి పందిట్లోనూ, వాకిట్లోనూ కొత్త ఇసక పొయ్యడం అక్కడి ఆనవాయితీ. దాలయ్య పందిరి దగ్గర నుంచి చేతులు చాచుకుంటూ ఎదురొచ్చాడు.

"బావా, సూసినావా? నీకోసమే పోయించినాను. ఒట్టి పందిట్లో పోత్తారు అందరూ. నాను తోట దాకా పోయించినాను. నాలుగు బళ్ళు, సముద్రం ఒడ్డు ఇసక" అన్నాడు.

"కంకరేది బావా?"

"కిందుంది" అన్నాడు దాలయ్య. ఆ మాట అన్నాక ఆయన మొహంలో నవ్వు పోయింది. ఒకసారి ఇసకకేసీ, ఒకసారి సైకిలు చక్రంకేసీ చూశాడు. బావగారి కోసం ఆ కంకరను ఏడాదిపాటు తన బళ్ళ మీద తోలించిందీ తనే అని నాకు తర్వాత తెలిసింది.

 కూర్మయ్య నాచేత సైకిలును వెనక్కి తిప్పించుకుని, తోటలోకి కొంతదూరం వెళ్ళి, చెట్టును తోసుకుని బలంగా తొక్కుకుంటూ వచ్చాడు. ఇసకలోకి రెండు బళ్ళ పొడవు వెళ్ళాడు. ముందు చక్రం అడ్డంగా తిరిగి కూరుకుపోయింది. పక్కకి పడ్డాడు. చెప్పినట్టే లేవదీశాను, నా భుజం పట్టుకుని చెట్టు దగ్గరికి తిరిగొచ్చి జీను ఎక్కాడు. దెబ్బ తగల్లేదు, సారె బుట్ట కూడా చెదరలేదు. ఎవరూ నవ్వలేదు. కాని ఇద్దరు కుర్రవాళ్ళు మంచి మనసుతోనే ఇంట్లోకి పరిగెత్తి నులకమంచం పట్టుకొచ్చారు.

ఆ మంచం చూశాక కూర్మయ్య సైకిలును మేము వచ్చిన వైపు తిప్పమన్నాడు. నేను తిప్పాను.  ఇసక ఎత్తిపోయడానికి పూట పడుతుంది, లోపల పురోహితుడు ముహూర్తం దగ్గరపడిందని రెండోసారి చెప్పించాడు.

పైడమ్మ పిల్లను చంకనేసుకుని ఇసకలోంచి నడిచొచ్చింది. అన్నతో మాట్లాడలేదు. మొగుడి ముందు నిలబడింది. "అన్నియ్యకి అప్పుడు మంచం ఎయ్యించినావు, ఇప్పుడు ఇసక ఎయ్యించినావు" అంది. "రెండూ మర్యాదకే ఎయ్యించినావు, నాను కాదన్ను. ఇప్పుడు తోవ ఎయ్యి."

దాలయ్య ఇసకకేసి చూశాడు, తోటకేసి చూశాడు, పందిరికేసి చూశాడు. పెద్ద పెద్ద అంగలతో పందిరి చేరి, ముందు గుంజ పట్టుకుని పైకెక్కాడు. నడుముకున్న కత్తితో కొబ్బరితాళ్ళు పుటుక్కున తెంపి, అల్లిన తడక ఒకటి కిందికి తోశాడు. దాని వెనకాల ఇంకొకటి. ఆయన తల్లి గుండె మీద చెయ్యేసుకుంది. "ఒరే, శుభం జరక్కుండా పందిరి ఇప్పుతారేట్రా?" అంది.

"ఇప్పడం నేదమ్మా. తోవ మీదకి జరుపుతున్నాను" అన్నాడు దాలయ్య, మూడో తడక తోస్తూ.

ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మంచం తెచ్చిన కుర్రవాళ్ళే దాన్ని అవతల పడేసి తడకలు మోశారు. కూర్మయ్య భార్య ఒక కొస పట్టుకుంది. నేనొకటి పట్టుకున్నాను. ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కిస్తూ చెట్టు మొదలు నుంచి పందిరి గుంజ దాకా పరిచాం. సగం పందిరి ఖాళీ అయింది. కూర్మయ్య చెట్టు పట్టుకుని జీను మీద కూర్చునే ఇదంతా చూశాడు. చివరి తడక పడ్డాక సైకిలు ముందు చక్రాన్ని తనే పందిరి వైపు తిప్పుకున్నాడు.

చెట్టును తోసుకున్నాడు. తడకలు చక్రం కింద కరకరలాడాయి. మధ్యలో ఒకచోట ఒకటి కుంగింది, హేండిలు ఊగింది. కుడికాలు ఒకటికి రెండుసార్లు గట్టిగా తొక్కింది. సైకిలు నిలదొక్కుకుంది. వాకిలి దాటి, వాద్యగాళ్ళు పక్కకి తప్పుకుంటే వాళ్ళ మధ్య నుంచి వచ్చి, కూర్మయ్య పందిరి గుంజను చేత్తో పట్టుకుని ఆగాడు. డోలు వాయించేవాడు ఎవరూ చెప్పకుండానే దరువు మార్చాడు.

దాలయ్య ఇంకా పందిరి మీదే ఉన్నాడు. "బావా, ఈసారి మంచం మీద నన్ను దించాలి. నడుం ఇరిగింది" అన్నాడు పైనుంచి.

"మంచమెందుకు బావా, ఎనకాల కేరేజీ ఉంది, ఎక్కు" అన్నాడు కూర్మయ్య. ఈసారి అందరితో పాటు ఆయన నవ్వింది నవ్వులాగే ఉంది.

ముహూర్తానికి నూకాలు మేనమామ ఒడిలో ఉంది. ఒడిలో అంటే, చాచిన ఎడమకాలి మీద గుర్రమెక్కినట్టు కూర్చుంది, దిగనంది. కప్పు పోయిన వైపు నుంచి ఎండ సరిగ్గా వాళ్ళిద్దరి మీదే పడుతోంది. ఆడవాళ్ళు చీర చెంగులు పట్టారు. దాలయ్య తల్లి నొచ్చుకుంటూనే గొడుగు తెచ్చింది. మంగలి ఒక్కడే సంతోషించాడు. ఇంత వెలుగులో ఎప్పుడూ పని చెయ్యలేదనీ, ఒక్క వెంట్రుక మిగిలితే అడగమనీ అన్నాడు. పిల్ల ఏడవలేదు. తల మీద చేత్తో తడుముకుని, మామ తల కూడా తడిమి చూసింది.

భోజనాలయ్యాక కూర్మయ్య అక్కడే ఉండిపోయాడు. నేను ఒక్కణ్ణే బయలుదేరాను. దిబ్బపల్లి నుంచి భావనపాడు ఎంతో దూరం లేదు. ఆ వేళకి పడవలు ఒడ్డుకి వచ్చి ఉంటాయి, ఎండబెట్టిన చేపల మధ్య నుంచే తోవ. అక్కణ్ణించి నౌపడ దాకా ఉప్పుమళ్ళ గట్ల మీద పోవచ్చు. గట్లు గట్టిగానే ఉంటాయి, అడ్డం వచ్చేవి ఉప్పు బళ్ళు మాత్రమే. తేలినీలాపురం దగ్గర చింతచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకున్నాయి. ఊరివాళ్ళు వాటిని అదిలించరు, మనల్నీ అదిలించనివ్వరు. టెక్కలి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. పలాస తర్వాత నేను చూసిన మొదటి మోటారు టెక్కలి కూడలిలో దుమ్ము లేపుతున్న బస్సు.

పత్రికలో రోడ్ల గురించి చాలా రాశాను. ఏ రోడ్డుకి ఎంత మంజూరైంది, ఏది సగంలో ఆగింది, ఎవరు అర్జీ పెట్టారు, ఇవే నా వార్తలు. ఉద్దానం తోవకి మంజూరూ లేదు, అర్జీ లేదు. ఖాళీ బండి తిరగకూడదన్న ఒక్క కట్టడి మీద అంత పొడవు తోవ పడింది. చివరి ముక్క పందిరి కప్పుతో పడింది. మూడు రోజుల తర్వాత కూర్మయ్య అదే తోవలో ఇంటికి తిరిగి వెళ్ళాడని పలాస నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. ఎదురుగాలికి కొంచెం ఆలస్యమైందట. దిబ్బపల్లిలో అయితే దాలయ్య ఇసకంతా ఎత్తిపోయించి కంకర పైకి తేలేలా చేశాడట. అన్నదమ్ముల తగాదా ముక్క మాత్రం అలాగే ఉందట.

ఈ తోవలో వెళ్ళదలచుకున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ముల్లుకి అతుకూ, గాలిపంపూ ఎలాగూ పెట్టుకుంటారు. మీరు వస్తున్నట్టు మాత్రం ముందుగా కబురు పెట్టకండి. మీ మర్యాద కోసం కంకర మీద ఇసక పోయిస్తారు.